నేను, నా స్కోపు, ఆయన బడ్జెట్టు

నాకు బ్యారెల్ ఉంది, ట్రిగ్గర్ ఉంది, చెక్క మడమ ఉంది. అమెరికా ఫెడరల్ చట్టం లెక్కలో ఇవేవీ తుపాకీ కావు. మధ్యలో ఉండే జానెడు అల్యూమినియం పెట్టె ఒకటే తుపాకీ. దాన్ని రిసీవర్ అంటారు, సీరియల్ నంబరు చెక్కేది దాని మీదే. బ్యారెల్ కావాలంటే పార్సిల్లో ఇంటికే తెప్పించుకోవచ్చు. రిసీవర్ కావాలంటే మాత్రం లైసెన్సున్న దుకాణానికి వెళ్ళి 4473 నంబరు ఫారం నింపాల్సిందే. కాబట్టి ఈ కథలో "నేను" అన్నప్పుడల్లా ఆ పెట్టే మాట్లాడుతోందనుకోండి.

నా పేరు రూగర్ 10/22. పది తూటాలు, పాయింట్ 22 కాలిబరు అని దాని లెక్క. బిల్ రూగర్, అలెగ్జాండర్ స్టర్మ్ కలిసి 1949లో కనెక్టికట్‌లోని సౌత్‌పోర్టులో పెట్టిన కంపెనీ మా పుట్టిల్లు. మా మోడల్ 1964లో బజారుకొచ్చింది. నాలో పడే తూటా మరీ పాతకాలంది, 1887 నాటిది. మా గొప్పంతా మ్యాగజైన్లో ఉంది. తూటాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చోవు. రంగులరాట్నంలో పిల్లల్లాగా ఎవరి సీటు వాళ్ళదే, వంతు వచ్చినవాడు పైకొస్తాడు. పేలిన ఊపుకి బోల్టు దానంతటదే వెనక్కి వెళ్ళి, ఖాళీ గుల్లను బయటికి విసిరి, కొత్త తూటాను తోసుకుంటూ ముందుకొస్తుంది. దాన్ని బిగించే గడియ లేదు, బోల్టు బరువూ ఒక స్ప్రింగూ అంతే. ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్కటే పేలుతుంది. సెమీ ఆటోమేటిక్ అంటే ఇంతే. సినిమాల్లో నొక్కి పట్టుకుంటే వాన కురిపించే రకం కాదు నేను.

నన్ను కొన్నాయన డాలస్ శివార్లలో ఉండే తెలుగాయన. హెచ్-1బీ వీసా మీద ఉన్నన్నాళ్ళూ దుకాణాల అద్దాల్లోంచి నన్ను చూసి వెళ్ళిపోయేవాడు. ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడానికి ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, స్నేహితులు కొందరు ఆ దారే పట్టారు. ఆయనకి జింకల్ని కొట్టే ఉద్దేశం లేదు. కొట్టని జింక కోసం లైసెన్సు తీసుకోవడమెందుకని గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాడు. ఫారం నింపాక దుకాణంవాళ్ళు ఎఫ్‌బీఐ తనిఖీకి పంపారు, కాసేపటికే సరేనన్న జవాబొచ్చింది. ఊళ్ళో వాళ్ళ నాన్నగారు ఫోన్లో నమ్మలేదు. "ఇక్కడ కలెక్టరాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగినా ఇవ్వరు కదరా, నీకు కిరాణా కొట్లో అమ్మేశారా?"

అసలు గొడవ అంతకు ముందే జరిగింది. కావలసింది గురి తప్పని సెమీ ఆటోమేటిక్. చేతిలో ఉన్నది 700 డాలర్లు. ఆయన బావమరిదికి ఇలాంటి విషయాల్లో అభిప్రాయాలెక్కువ.

"బావా, కొంటే ఏఆర్-10 తరహాది కొను. 6.5 క్రీడ్‌మూర్. వెయ్యి గజాలు కొడుతుంది. ఈ 22 పిట్టల తుపాకీ."

"వెయ్యి గజాల రేంజి ఎక్కడుందిరా మనకి?"

బావమరిది దగ్గర దానికి జవాబు లేదు. వారాంతాల్లో వాళ్ళు వెళ్ళే రేంజి పొడవు వంద గజాలు. పైగా ఆ పెద్ద తుపాకీ ఒక్కటే ఆయన బడ్జెట్టును దాటిపోతుంది, దానిలో వేసే మంచి తూటా ఒక్కోటి డాలరు పైమాటే. నా తూటా పది సెంట్ల చుట్టుపక్కల దొరుకుతుంది. గురి కుదిరేది పేల్చగా పేల్చగానే కాబట్టి, బీదవాడు నన్ను ఎంచుకోవడం పిసినారితనమేమీ కాదు. ఈ మాట నా గొప్ప కోసం అంటున్నానని మీరనుకోవచ్చు, కొంత నిజమే.

నా లోపాలూ చెప్పాలి. తూటా ఇరుక్కోకుండా చకచకా లోపలికి పోవాలని నా ఛాంబరును కాస్త వదులుగా చేస్తారు. ఆ వదులు వల్ల, ఒక్కో తూటా చేత్తో ఎక్కించుకునే పోటీ రైఫిల్ అంత సన్నగా నేను గుచ్చలేను. కంపెనీనుంచి వచ్చిన ట్రిగ్గర్ మహా బరువు, నొక్కేలోపే చెయ్యి కదులుతుంది. శుభ్రం చేయాలంటే నా వెనకవైపు దారి లేదు, మూతి వైపు నుంచే రావాలి. తెలియనివాళ్ళు ఇనప కడ్డీ పెట్టి మూతి అంచు గీకేస్తారు, ఆ అంచు చెడితే గురి చెడినట్టే. ఆయన మాత్రం గుడ్డ కట్టిన మెత్తని తీగను లోపల్నుంచి బయటికి లాగుతాడు, సంతోషం.

ఆ 700లో నాకు దాదాపు 300 పోయాయి. ఆయన భార్య షరతు ప్రకారం తాళం వేసే ఉక్కు పెట్టె ముందు ఇంటికి రావాలి, పిల్లలున్న ఇల్లు. చెవులకీ కళ్ళకీ రక్షణ. తూటాలు. ఇవన్నీ పోను నా మీద బిగించే గురి దుర్భిణికి, అంటే స్కోపుకి, 200 లోపే మిగిలింది. అసలు తికమక ఇక్కడే మొదలైంది.

బావమరిది సలహా మీద మొదట వచ్చిన స్కోపు 6-24×50. చవక. 24 రెట్లు దగ్గరగా చూపిస్తుందని పెట్టె మీద పెద్దక్షరాలు. ముందు అద్దం వెడల్పును రెట్టింపులతో భాగిస్తే కంటికి చేరే వెలుగు చుక్క వెడల్పు వస్తుంది. 50ని 24తో భాగిస్తే రెండు మిల్లీమీటర్లు. తల వెంట్రుకవాసి కదిలితే ఆ చుక్క కంటినుంచి జారిపోయి నల్లటి నీడే మిగులుతుంది. అదీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది దాని అబద్ధం. ఆయన 50 గజాల దగ్గర ఒక పరీక్ష పెట్టాడు. ఒక తూటా పేల్చి, గురి సర్దే మరను 20 క్లిక్కులు కుడికి తిప్పి ఒకటి, 20 కిందికి తిప్పి ఒకటి, 20 ఎడమకి, మళ్ళీ 20 పైకి. కాగితం మీద రెండున్నర అంగుళాల చతురస్రం పడి, చివరి తూటా మొదటి రంధ్రం పక్కనే దిగాలి. అది అంగుళం అవతల దిగింది. మళ్ళీ చేశాడు, ఈసారి ఇంకో చోట. తప్పు నాదేనేమోనని ఆయన నా స్క్రూలన్నీ బిగించి చూశాడు. నేను కదల్లేదు. స్కోపు లోపలి అద్దాల గొట్టమే చెప్పిన మాట వినడంలేదు. స్కోపు వాపసు వెళ్ళిపోయింది.

రెండోది 3-9×40, పోయినేడాది మోడల్ కావడంతో ధర తగ్గించారు. దీని ముందు అద్దం దగ్గర తిప్పే చుట్టు ఒకటి ఉంది, ఎంత దూరంలో ఉన్న గురికి చూస్తున్నామో దానికి తగ్గట్టు సర్దుకోవచ్చు. ఇది లేని పెద్ద తుపాకీ స్కోపులు సాధారణంగా 100, 150 గజాలకు కుదిర్చి ఉంటాయి. అలాంటిది నా మీద పెడితే 25 గజాల దగ్గర ఏమవుతుందో ఆయన బావమరిది స్కోపుతో చూశాడు. నన్ను ఇసుక సంచుల మీద కదలకుండా పడుకోబెట్టి, చెయ్యి తగలకుండా తల మాత్రం పైకీ కిందికీ ఆడించాడు. నేను కదల్లేదు, కాగితం కదల్లేదు, గీతల కూడలి మాత్రం నల్ల చుక్క మీద అటూ ఇటూ ఈదింది. కొత్తదాని చుట్టును 25 దగ్గర పెట్టి అదే చేస్తే కూడలి మేకు కొట్టినట్టు నిలబడింది. దాన్ని బిగించే పట్టీ నా డబ్బాలోనే వచ్చింది కాబట్టి ఆ ఖర్చు తప్పింది. చతురస్రం పరీక్షలో చివరి తూటా మొదటి రంధ్రాన్ని కొరికింది.

తూటాల దగ్గర బావమరిది ఇంకోసారి ఓడాడు. వేగం ఎక్కువుంటే గాలికి తక్కువ జరుగుతుందని అతని వాదం. పెద్ద తుపాకుల్లో నిజమే. నా తూటా కథ వేరు. ధ్వని వేగం సెకనుకు సుమారు 1,125 అడుగులు. దానికంటే వేగంగా బయల్దేరిన 22 తూటా వంద గజాలు చేరేలోపు ఆ గీత దాటి కిందికి దిగుతుంది, దిగేటప్పుడు ఎక్కువ వేగం పోగొట్టుకుని గాలికి ఇంకా ఎక్కువ కొట్టుకుపోతుంది. 1,070 అడుగులతో నింపాదిగా బయల్దేరేదే నాకు పడుతుంది. అయినా గంటకు 10 మైళ్ళ అడ్డగాలి వీస్తే వంద గజాల దగ్గర 4 అంగుళాల దాకా పక్కకి పోతుంది. 50 గజాలకు గురి కుదిర్చి వంద దగ్గర పేలిస్తే 6, 7 అంగుళాలు కిందికి దిగుతుంది. ఈ లెక్కలన్నీ ఆయన మడమ మీద టేపు అంటించి బాల్‌పాయింట్ పెన్నుతో రాసుకున్నాడు. చెమటకి అది చెరిగిపోతే మళ్ళీ రాస్తాడు.

ఆపిల్‌సీడ్ అని అమెరికాలో ఒక శిక్షణ ఉంది. శని, ఆదివారాలు నడుస్తుంది, మధ్యలో 1775 ఏప్రిల్ 19 నాటి లెక్సింగ్టన్, కాంకర్డ్ పోరాటాల కథ చెబుతారు. చివర్లో 25 మీటర్ల దగ్గర 40 తూటాల పరీక్ష. 250కి 210 తెచ్చుకుంటే రైఫిల్‌మన్ అన్న గుడ్డ బిళ్ళ ఇస్తారు. అందులో ఒక దశలో నిలబడ్డవాళ్ళు కూర్చుని, మధ్యలో మ్యాగజైన్ మార్చి, 55 సెకన్లలో పది పేల్చాలి. అక్కడ నా ముందు బోల్టు లాగుతూ కూర్చునేవాళ్ళకి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. నా కులంవాళ్ళం ఆ వరసలో ఎప్పుడూ కొల్లలు.

ఆ శిక్షణకి వెళ్ళిన దంపతులిద్దరూ నన్నొక్కదాన్నే వంతులవారీగా వాడారు. ఆయనకి 188. ఆవిడకి 211. ఆయన నా ట్రిగ్గర్‌ని తిట్టాడు, గాలిని తిట్టాడు. జరిగింది నాకు తెలుసు. ఎక్కువ రెట్లుంటే ఎక్కువ కనిపిస్తుందని ఆయన స్కోపును 9 మీదే ఉంచేశాడు, నిలబడి పేల్చేటప్పుడు చేతి వణుకూ తొమ్మిది రెట్లయింది. ఆ వణుకును పట్టుకోవడానికి ట్రిగ్గర్‌ని గుంజాడు. ఆవిడ వచ్చీరాగానే చుట్టును 4కి తిప్పేసింది. "అంత పెద్దగా కనిపిస్తే కళ్ళు తిరుగుతున్నాయండీ" అంది, అంతే.

తిరుగు ప్రయాణంలో బావమరిది ఫోన్లో లావు బ్యారెల్ గురించి చెప్పుకొస్తున్నాడు. మా జాతిలో బ్యారెల్ మార్చడం నిజంగానే ఇంట్లో చేసుకునే పని, రెండు స్క్రూలు విప్పితే ఊడొస్తుంది. మంచిదానికి నాకిచ్చినంత ధర అవుతుందని విని ఆయన కొంచెం మెత్తబడ్డాడు, వద్దని మాత్రం అనలేదు.

"బ్యారెల్ సంగతి తరవాత చూద్దురుగాని, ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. పటేల్ బ్రదర్స్ దగ్గర ఆపండి" అంది ఆవిడ.