హబ్బారావు

మియాపూర్ వైపు ఏ అపార్ట్‌మెంటుకు వెళ్లినా బ్లాకుకొక హబ్బారావు తగులుతాడు. అసలు పేరు సుబ్బారావు. ఇంట్లో లైట్లూ ఫ్యాన్లూ గీజరూ అన్నిటినీ ఒక హబ్బుకు అప్పజెప్పాక పైఫ్లాటు కుర్రాళ్లు పేరు మార్చేశారు. ఎవరైనా గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, రండి అనడానికి ముందే "మీ ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్‌లో లేదు కదా?" అంటాడు. మంచినీళ్లు ఆ తర్వాత.

ఆ ఇంట్లో కరెంటు ఉండి కూడా చీకట్లో కూర్చోవాలి. హాల్లో గోడకు అతికించిన బుల్లి బటన్ నొక్కితే లైటు వెలగదు. వెలగలేదు కదా అని మళ్లీ నొక్కుతాం. కాసేపటికి రెండు నొక్కుళ్లూ జంటగా చేరుకుని, లైటు గభాల్న వెలిగి టప్పున ఆరిపోతుంది. ఆయన మాత్రం తొణకడు. "ఇంటర్‌ఫియరెన్స్" అని పక్క ఫ్లాటు గోడను ఉరిమి చూస్తాడు.

ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆయన బల్బులు మాట్లాడుకునే జిగ్బీ, ఊరందరి వైఫై, రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఇరుక్కుని బతకాలి. జిగ్బీకి 11 నుంచి 26 దాకా చానెళ్లున్నా ఒక్కోటీ 2 మెగాహెర్ట్జ్ సందే. వైఫై దిగిందంటే కనీసం 20 మెగాహెర్ట్జ్ ఆక్రమిస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ అక్కడే. అందుకే వాళ్లావిడ "ఏవండీ, సాంబారు వేడి చేసుకోవచ్చా?" అని అనుమతి అడుగుతుంది. ఆ అడగడంలో ఎంత ఎత్తిపొడుపుందో ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

దొంగ మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. హబ్బారావు జిగ్బీ డాంగిల్‌ను నేరుగా హబ్బుగా వాడే కంప్యూటరుకే గుచ్చాడు, హార్డ్‌డిస్కు పక్కన. యూఎస్‌బీ 3.0 తీగలూ సాకెట్లూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తాయని ఇంటెల్ 2012లోనే పత్రం రాసి మరీ చెప్పింది. ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరం జరిపితే చాలని మేనల్లుడు అంటే ఆయన నొచ్చుకున్నాడు. అంత చవగ్గా కుదిరే జబ్బు తన ఇంటికి వస్తుందా!

అసలు గోల స్మార్ట్ ప్లగ్గులది. ఫ్రిజ్జుకు, వాషింగ్ మెషీన్‌కు, ఆఖరికి దోమల మందుకు కూడా వాట్లు కొలిచే ప్లగ్గు. వోల్టేజీ 229 నుంచి 230 అయినా, మళ్లీ 229 అయినా ప్రతిదీ హబ్బుకు విన్నవించుకుంటుంది. ఉన్న దారేమో సెకనుకు 250 కిలోబిట్లు. వినబడలేదనిపిస్తే మళ్లీ చెబుతాయి, దాంతో రద్దీ ఇంకా పెరుగుతుంది. పెళ్లిపందిట్లో అందరూ మాట్లాడుతుంటే పురోహితుడు అక్షింతలు అడిగినట్టు, పాపం లైటు బటన్ గొంతు ఎవరికీ వినపడదు.

దీనికి తోడు వాళ్లమ్మగారు. మనిషి లేని గదిలో లైటు కనిపిస్తే గోడ మీది స్విచ్చి కట్టేస్తారు. ఆ బల్బు వెలుతురు ఇవ్వడమే కాదు, పక్కవాటి కబుర్లు కూడా చేరవేస్తుంది. దానికి కరెంటు పోగానే వెనకగది తలుపు సెన్సర్ దిక్కులేనిదవుతుంది. ఆయన స్విచ్చి మీద టేపు అంటించాడు. "ఒరేయ్, నా ఇంట్లో నేను లైటార్పడం కూడా తప్పేనట్రా?" అంటూ పెద్దావిడ టేపు పీకి మరీ ఆర్పారు.

చివరికి ఒక ఆదివారం మేనల్లుడే కూర్చుని డాంగిల్‌ను కేబుల్‌తో అల్మరా మీదికి ఎక్కించాడు. చానెల్ 25కి మార్చాడు. వోల్టేజీ ఊసే ఎత్తొద్దని, పది వాట్ల తేడా వస్తే తప్ప నోరు విప్పొద్దని ప్లగ్గులకు కట్టడి చేశాడు. చానెల్ మారిందని గ్రహించని సెన్సర్లను స్టూలెక్కి మళ్లీ జత చేశారు. లైటు నొక్కగానే వెలిగింది. వాళ్లావిడ ఎవరినీ అడక్కుండా సాంబారు వేడి చేసుకుంది.

హబ్బారావు మాత్రం ఒప్పుకోలేదు. పక్కవాళ్లు రూటర్ మార్చి ఉంటారన్నాడు. మొన్న అసోసియేషన్ మీటింగులో లేచి, పార్కింగ్ ఇచ్చినట్టే వైఫై చానెళ్లు కూడా ఫ్లోరు వారీగా 1, 6, 11 అని కేటాయించాలని ప్రతిపాదించాడు. నీళ్ల ట్యాంకర్ల లెక్కలో మునిగి ఉన్న సెక్రటరీ ఉలిక్కిపడి తలెత్తాడు.

"పదకొండా? అన్ని ట్యాంకర్లు ఎక్కణ్ణుంచి తెమ్మంటారండీ?"