‘అలరించే చిత్రాలివే’: టీకా తాత్పర్య సహితం

ప్రబంధాలకూ శతకాలకూ టీకా తాత్పర్యాలు కొల్లలుగా వెలసిన భాషలో, వాటికన్నా ఎక్కువమంది క్రమం తప్పకుండా చదివే ఒక రచనకు ఇంతవరకు వ్యాఖ్యానం లేకపోవడం పండితలోకం సిగ్గుపడవలసిన విషయం. ఆ రచన సాధారణంగా సోమవారం నాడు పత్రికల సినిమా పేజీలో అవతరిస్తుంది. కర్త పేరు ఉండదు. ఆ వారం విడుదల కానున్న సినిమాలు, సిరీస్‌ల పట్టిక దాని వస్తువు. పట్టిక ఎంత పొడుగున్నా సారమంతా శీర్షికలోనే ఉంటుంది కనుక ఇక్కడ శీర్షికనే మూలంగా గ్రహించడమైనది. మెదక్ ప్రాంతపు కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. ప్రస్తుత మూలంలో ఉన్నది అత్యల్పమూ, ఉన్నదానిలో అక్కరకు వచ్చేది అంతకన్నా అల్పమూ కావడంతో ఆ ప్రతిజ్ఞ ఈ వ్యాఖ్యకు పొసగదు.

మూలం:

ఈ వారం థియేటర్/ఓటీటీలో అలరించే చిత్రాలివే!

ప్రతిపదార్థం, అనగా ఒక్కొక్క పదానికి విడివిడిగా చెప్పే అర్థం: ఈ వారం = పత్రికకు సోమవారముతోను, థియేటరుకు శుక్రవారముతోను మొదలగు ఏడు దినములయందు; థియేటర్ = టికెట్టు, పార్కింగు, పాప్‌కార్ను అను మూడు సుంకములు చెల్లించి ప్రవేశింపదగిన చీకటి గదియందును; ఓటీటీలో = ఆ గదికి పోనక్కరలేక చందా కట్టి ఇంట కూర్చుండి చూడదగిన తెరయందును; అలరించే = ఆనందింపజేయు స్వభావము గల; చిత్రాలు = చలనచిత్రములు, ఉపలక్షణముగా సిరీస్‌లును; ఇవే = ఇవి మాత్రమే. ఆశ్చర్యార్థకానికి అర్థం లేదు, అది పాదపూరణం.

పంచాంగంలోని తిథి, వార, నక్షత్ర, యోగ, కరణాలనే అయిదు అంగాలలో వారమంటే ఒక్క దినమే. వ్యవహారంలో ఏడు దినాలు. మూలకర్త రెండో అర్థంలోనే వాడినా, పట్టికలోకి దిగేసరికి ఏడు దినాలూ కుంచించుకుపోయి శుక్రవారం ఒక్కటే మిగులుతుంది. ఇది సనాతనమైన ఆచారమేమీ కాదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదల తేదీగా పరిశోధకులు నిర్ధారించిన 1932 ఫిబ్రవరి 6 శనివారం. ‘పాతాళభైరవి’ వచ్చిన 1951 మార్చి 15 గురువారం. ‘మాయాబజార్’ వచ్చిన 1957 మార్చి 27 బుధవారం. సినిమా నెలల తరబడి ఆడిన కాలంలో ఏ రోజు మొదలైనా ఒకటే గాని, తొలి మూడు రోజుల్లోనే పెట్టుబడిలో పెద్ద భాగం రాబట్టుకోవలసిన కాలం వచ్చాక శుక్ర, శని, ఆదివారాలు పవిత్రమయ్యాయి. నాలుగో రోజు జనం వస్తారా రారా అన్నదానికి వ్యాపారంలో ‘మండే టెస్ట్’ అనే పేరు కూడా ఏర్పడింది. ఇటీవల భారీ చిత్రాలు ఆ మూడు రోజులూ చాలవన్నట్టు మరో దినం ముందుకు జరుగుతున్నాయి: ‘కల్కి 2898 ఏడీ’, ‘పుష్ప 2’ రెండూ 2024లో గురువారం నాడే వచ్చాయి. కోస్తా వ్యవహారంలో గురువారాన్ని లక్ష్మీవారమనడం వసూళ్ల దృష్ట్యా సార్థకమే.

‘థియేటర్’ శబ్దానికి మూలంలో ఊరూ పేరూ లేవు. పట్టిక ఊరుకున్నా, విడుదల తరువాత వచ్చే వసూళ్ల లెక్కలు మాత్రం ప్రాంతాలను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అంటూ విడదీస్తాయి. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన జిల్లాలకు ఇంగ్లీషువాడు పెట్టిన పేరే సీడెడ్. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అనే గౌరవనామం వచ్చినా డిస్ట్రిబ్యూటరు దానిని ఇంకా ఆమోదించలేదు. నైజాం సంగతీ అంతే: 1948లో రాజ్యం పోయింది, ఏరియా మిగిలింది. తెలుగు దేశంలో నిజాము, కంపెనీల కాలపు భూగోళం పాఠ్యపుస్తకాలకన్నా సినిమా వ్యాపారంలోనే భద్రంగా ఉంది. ఓటీటీ అంటే కేబుల్, డీటీహెచ్ వంటి మధ్యవర్తులు లేకుండా ఇంటర్నెట్ ద్వారా నేరుగా ఇంటికి వచ్చే ప్రసారం. నెట్‌ఫ్లిక్స్, ఆహా, ఈటీవీ విన్, జియోహాట్‌స్టార్ ఆ కోవలోనివి. దీనిని గురించి ఇంతకన్నా విస్తరించనక్కరలేదు.

వ్యాఖ్యాత ఆగవలసిన చోటు ‘అలరించే’. ఇది వ్యాకరణంలో తద్ధర్మార్థక విశేషణం, అనగా ఒక కాలానికి కట్టుబడకుండా వస్తువు సహజస్వభావాన్ని చెప్పేది. కరిచే పాము అన్నప్పుడు అది నిన్న కరిచిందనో రేపు కరుస్తుందనో కాదు, కరవడం దాని ధర్మమని అర్థం. ఆ లెక్కన పట్టికలోని ప్రతి చిత్రానికీ అలరించడం పుట్టుకతో వచ్చిన ధర్మమైపోయింది. థియేటరుకు రానున్న చిత్రాన్ని అప్పటికి ఎడిటరూ సెన్సారు సభ్యులూ తప్ప చూసినవారు అరుదు. ఇక్కడ ఒక పూర్వపక్షం, అనగా ప్రతివాది ఆక్షేపణ: ‘వచ్చే వారం’ అన్నప్పటివలె ఇదీ భవిష్యత్తునే చెబుతుంది కదా, దోషమేమి? సమాధానం: వచ్చే వారం ఎవరు కాదన్నా వస్తుంది; అలరింపు అలా రాదు. అలరించిందని చెప్పవలసిన మరుసటి సోమవారం నాడు ‘గత వారం అలరించిన చిత్రాలివే’ అనే శీర్షిక కనిపించదు, కొత్త పట్టికే కనిపిస్తుంది. నడుమ శుక్రవారం నాడు సమీక్ష అనే మరో రచన వస్తుంది గాని, అది వేరే కలం, వేరే స్వరం; ఈ రెండింటికీ పరస్పరం పరిచయం ఉన్నట్టు తోచదు.

ఈ పదానికి పాఠాంతరాలు, అనగా వేర్వేరు ప్రతుల్లో కనిపించే భిన్నరూపాలు, ఉన్నాయి. కొన్ని ప్రతుల్లో ‘సందడి చేసే’ అనీ, కొన్నింటిలో ‘వినోదాన్ని పంచే’ అనీ కనిపిస్తుంది. వీటిలో ‘సందడి చేసే’ అన్నదే గ్రాహ్యం, ఎందుకంటే సినిమా నచ్చినా నచ్చకపోయినా డాల్బీ స్పీకర్లున్న హాలులో సందడికి లోటుండదు. ‘వినోదాన్ని పంచే’ పాఠం ‘అలరించే’ కన్నా ఒక పదం ఎక్కువ ఖర్చు చేసి అదే అబద్ధం చెబుతుంది.

పట్టికలోని కథాసంగ్రహాల విషయం మరీ విచిత్రం. పల్లెలో హాయిగా బతికే యువకుడి జీవితంలోకి ఒక అమ్మాయి వస్తుంది. ఆమె రాకతో అతని జీవితం ఎలాంటి మలుపులు తిరిగింది, తెలియాలంటే చిత్రం చూడాల్సిందే అని ముగుస్తుంది. హత్యాకథైనా హాస్యకథైనా ముగింపు ఇదే. పురాణాల్లో కథ విన్నాక కలిగే ఫలాన్ని చెప్పే భాగానికి ఫలశ్రుతి అని పేరు. ఇక్కడ కథ లేకుండా ఫలశ్రుతి మిగిలింది, ఫలం నిర్మాతకు.

‘చిత్రాలివే’ అన్నచోట ఉత్వసంధి. చివరి ఏకారం అవధారణార్థకం, ఇవి తప్ప వేరేవి లేవని నిశ్చయించేది. అయితే పట్టిక చివర ‘వీటితో పాటు’ అంటూ డబ్బింగు సినిమాలూ కొరియన్ సిరీస్‌లూ వరుస కడతాయి కనుక ఆ నిశ్చయం పది పంక్తులైనా నిలవదు.

తాత్పర్యం: శుక్రవారం నాడు కొన్ని సినిమాలు థియేటర్లకు వస్తాయి, కొన్ని వారాల కిందట వచ్చినవి ఇంటికి వస్తాయి.

ఇంత చెప్పడానికి ‘అలరించే’ అక్కరలేదు. పరిష్కర్తలు దానిని కొట్టివేసి ‘విడుదలయ్యే’ అని దిద్దడం ఉచితం. అంతవరకు పాఠకులు పట్టికలోని తేదీని, భాషను, ఏ తెరపై వస్తుందన్న సమాచారాన్ని మాత్రమే మూలంగా స్వీకరించి, తక్కినదంతా ప్రక్షిప్తమని, అనగా తరువాతివారు చొప్పించినదని, భావించి చదువుకోవలసిందిగా ప్రార్థన.