యాత్రావాక్య సంజీవని

మూలం. “బస్తర్! ఇంకా ఎవరూ తాకని స్వర్గం. ప్రకృతి ఒడిలో ఒదిగిన ప్రాచీన శిలలు మాతో మౌనంగా మాట్లాడాయి. మనల్ని మనం తెలుసుకునే ప్రయాణం ఇది. భోజనం మాత్రం అంతంతమాత్రం. జీవితంలో ఒక్కసారైనా తప్పక చూడండి.”

అవతారిక. అఖిల యాత్రికలోక చూడామణి యగు వాక్యకర్త విశాఖపట్నంలో రైలెక్కి, అరకు సొరంగాలను ఈలలతో దాటి, జగదల్‌పూర్‌లో బస చేసి, చిత్రకోట్ జలపాతం ముందు చేతులు బారజాచి, తీరథ్‌గఢ్ మెట్లు సగం దిగి, దంతేవాడలో అమ్మవారికి దండం పెట్టి, ఇంటికొచ్చి పెట్టె విప్పకముందే లోకోపకారార్థమై పై వాక్యమును వెలువరించెను. కర్త పేరు చెప్పను, చెప్పడానికి కుదరదు కూడా. ఇదే వాక్యం ఊరి పేరు మాత్రం మార్చుకుని హంపి చూసొచ్చినవారి నోటా, ఈజిప్టు పిరమిడ్లు చూసొచ్చినవారి నోటా పొల్లుపోకుండా వినబడుతోంది. ఇసుకైనా అడవైనా అదే ఒడి, అదే మౌనం. కర్త తెలియని వాక్కును మన పెద్దలు అపౌరుషేయమన్నారు గనుక దీన్నీ ఆ లెక్కలోనే వేసి, భక్తితో వ్యాఖ్యకు పూనుకుంటున్నాను.

మెదక్ దగ్గరి కొల్చారం మాదేనని మనం గొప్పగా చెప్పుకునే కోలాచల మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ముందే మాటిచ్చి వ్యాఖ్యలు మొదలుపెట్టాడు. మొదటి నియమం నేనూ పాటిస్తాను. రెండోది పాటిస్తే ఇక్కడితో ఆపేయాలి. కాళిదాసు వాక్కు చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిందని, దాన్ని లేపడానికే తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టాడాయన. మన మూలం కూడా మూర్ఛలోనే ఉంది గాని, అందులో వ్యాఖ్యాతల పాపం ఏమీ లేదు.

టీక. “ఇంకా ఎవరూ తాకని” అనుచోట ‘ఎవరూ’ అనగా ‘మా అపార్ట్‌మెంట్లో ఎవరూ’ అని అర్థము. లేనిచో ప్రత్యక్షవిరోధము. ఎట్లన: వాక్యకర్త ఎక్కిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం ఆయన సెలవుల కోసం వేసింది కాదు. బైలాడిలా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి, అక్కణ్ణుంచి జపాన్‌కు ఓడ ఎక్కించడానికి 1960లలో వేసింది. 1968లో కిరండూల్ గని పని మొదలెట్టింది. అప్పట్నుంచీ ఆ కొండలు వ్యాగన్లెక్కి సముద్రానికి దిగిపోతూనే ఉన్నాయి. కిటికీ పక్క సీటు కోసం పిల్లలతో పోట్లాడిన వాక్యకర్త, ఎదురొచ్చిన ఖనిజం బండిని ఒక్కసారీ ఫోటో తీయలేదు. శంక: ఎవరూ తాకకుండానే కొండ తరుగుతుందా? సమాధానం: జపాన్‌వాడు తాకాడు గాని, దాన్ని ఇనుమన్నాడే తప్ప స్వర్గమనలేదు. కనుక స్వర్గాన్ని మొదట తాకినవాడు మనవాడే, దోషము లేదు.

దోషం ఉంది. గోండులు, మురియాలు, మాడియాలు, హల్బాలు, ధుర్వాలు, కోంటా వైపు దోర్లలు, వీళ్లెవరూ ‘ఎవరూ’లో పడరా? అక్కడే పుట్టి, దున్ని, ఇప్పపువ్వు ఏరి, పోయినవాళ్ల పేరిట దారి పక్కన రాళ్లు నిలబెట్టుకుంటూ బతికిన జనం కళ్లెదుట ఉండగా ఆ నేలను ఎవరూ తాకలేదనడానికి మనిషికి ఎంత తీరిక కావాలి!

“ప్రకృతి ఒడిలో ఒదిగిన” — స్పష్టము.

“ప్రాచీన శిలలు” — ఏ శిలలు? ఇది విచార్యము. జగదల్‌పూర్ నుంచి దంతేవాడ పోయే దారిలో గీదం వస్తుంది. అక్కడ దారి మళ్లి ఇరవై చిల్లర కిలోమీటర్లు పోతే బార్సూర్. వాక్యకర్త బండి గీదంలో టీకి ఆగింది గాని, మళ్లలేదు. ‘దారి తప్పుతుంది, చీకటి పడుతుంది’ అని కారణం.

దారి తప్పడం అంటే కాళిదాసు మేఘదూతం గుర్తురాక మానదు. ఆ కావ్యంలో పూర్వభాగమంతా దారి చెప్పడమే. యక్షుడు రామగిరి మీద ఉన్నాడు. ఆ రామగిరి నాగపూర్ దగ్గరి రాంటెక్ అని కొందరు, కాదు మా సర్గుజా జిల్లా రామ్‌గఢ్ కొండ అని ఛత్తీస్‌గఢ్‌వారు వాదించుకుంటున్నారు. మల్లినాథుడైతే రామగిరి అంటే చిత్రకూటమని ఒక్క మాటలో తేల్చి ముందుకు వెళ్లిపోయాడు. చిత్రకూటానికి చిత్రకోట్ కూతవేటు దూరంలోనే ఉన్నట్టు వినబడుతుంది. ఈ రెండూ ఒకటేనని ఓ ముప్ఫై పేజీల వ్యాసం రాయాలని చేయి దురదపెడుతోంది గాని, ఆధారం లేనిది రాయనని పైన ఒప్పుకున్నాను. (ఆ చిత్రకోట్‌కు ‘భారత నయాగరా’ అని బిరుదు. ఇంద్రావతి ఏం పాపం చేసిందని కెనడా సరిహద్దులో ఏటికి చెల్లెల్ని చేశారో తెలియదు.) అసలు సంగతేమంటే, యక్షుడు ఏడాదిపాటు భార్యకు దూరమైనవాడు, మనిషి చిక్కి కంకణం జారిపోతోంది, కబురు చాలా తొందర. అయినా మేఘానికి ఏం చెప్పాడు? నీ దారి ఉత్తరానికే, వంకర తిరగాల్సి వస్తుంది, ఫరవాలేదు, ఉజ్జయిని చూసిగాని పోవద్దన్నాడు. మన వాక్యకర్తకు విరహమూ లేదు, శాపమూ లేదు, పైగా భార్య పక్క సీట్లోనే ఉంది.

ఇప్పుడు బార్సూర్ సంగతి. నూట నలభై ఏడు గుళ్లు, అన్ని చెరువులు ఉండేవని చెప్పుకుంటారు. ఇప్పుడు మిగిలినవి కొన్నే, అయితే ఆ కొన్నీ చాలు. ముప్ఫైరెండు స్తంభాల మండపం, దాని వెనక పక్కపక్కనే రెండు శివుడి గర్భగుళ్లు: ఇది బత్తీసా. కట్టించింది బస్తర్‌ను ఏలిన ఛిందక నాగవంశపు రాజు సోమేశ్వరుడి పట్టమహిషి గంగమహాదేవి. ఒకటి తన పేరిట, ఒకటి మగడి పేరిట. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల నాడు ఒక ఇల్లాలు మగడి పేరుతోపాటు తన పేరూ గుడికి పెట్టుకుందని ఎవరైనా వ్యాసం రాస్తే బావుణ్ణు. వచ్చినవాళ్లు మాత్రం లింగం తిరుగుతుందట అని తిప్పి చూసి, వీడియో తీసుకుని పోతారు. దగ్గర్లోనే నిటారు శిఖరంతో మామా–భాంజా గుడి. మేనమామ, మేనల్లుడి తగవు కథ దానికి అల్లుకుని ఉంది. ఇంకో పక్క ఇసుకరాతిలో తొలిచిన పెద్ద వినాయకుడు, పక్కనే చిన్న వినాయకుడు. ఇద్దరూ ఏ పందిట్లోనూ దొరకని తీరుబడితో కూర్చుని ఉంటారు.

వీటన్నిటినీ పక్కన పెట్టండి. బార్సూర్‌లో చంద్రాదిత్య గుడి ఉంది. ఈ చంద్రాదిత్యుడెవరు? ఛిందక నాగవంశపు రాజు జగదేకభూషణ ధారావర్షుడి కింద సామంతుడు. కరికాలుడి వంశం మాదని చెప్పుకున్న తెలుగు చోడుడు. గుడి కట్టించాడు, చెరువు తవ్వించాడు, గుడికి చంద్రాదిత్యేశ్వరమని, చెరువుకు చంద్రాదిత్యసముద్రమని పేరు పెట్టాడు. ఆ సంగతంతా రాతి మీద చెక్కించాడు. ఏ భాషలో? తెలుగులో! శక సంవత్సరం 983, అంటే క్రీస్తుశకం 1060 ప్రాంతం. ఆ ఏళ్లకే రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి చివరి రోజులు. నన్నయ భారతం చెబుతున్న కాలం అది. గోదావరి ఒడ్డున పద్యం కుదురుతున్న వేళకే ఇక్కడ ఇంద్రావతి తీరాన రాతి మీద తెలుగు నిలబడింది. దానికన్నా ముందరిది, శక 945 నాటి బస్తర్ ఎర్రకోట శాసనం కూడా తెలుగే. ఇలాంటి బస్తర్ శాసనాలు కొన్నింటిని చదివి ఎపిగ్రాఫియా ఇండికా తొమ్మిదో సంపుటంలో అచ్చు వేయించినవాడు రాయ్ బహదూర్ హీరాలాల్. మధ్యపరగణాల్లో కట్నీవాడు. మనవాడు కాదు. మనవాడు గీదంలో టీ తాగుతున్నాడు.

ఏ పదానికి టీక రాస్తున్నామో మరిచిపోయాను. ఆ, “శిలలు”.

“మౌనంగా మాట్లాడాయి” — విరోధాభాసాలంకారము. రాళ్లు నిజంగా మాట్లాడిన చోటు లోకంలో ఒకటి ఉండేది: ఈజిప్టులో నైలు పడమటి గట్టున, ఎడారి అంచున, మెమ్నాన్ అని గ్రీకులు పిలిచిన పెద్ద విగ్రహం. క్రీస్తుపూర్వం 27లో వచ్చిన భూకంపానికి పగిలాక, పొద్దు పొడిచే వేళ దాన్నుంచి ధ్వని వచ్చేదట. అది వినడానికి రోమన్ సామ్రాజ్యం నలుమూలల నుంచీ యాత్రికులు వరస కట్టారు. విన్నవాళ్లు ఊరుకోలేదు, ‘నేను విన్నాను’ అని తమ పేర్లతో సహా విగ్రహం కాళ్ల మీదే చెక్కిపోయారు. అలాంటివి నూటికి పైగా ఉన్నాయి. 130లో హేడ్రియన్ చక్రవర్తి వస్తే, ఆయన పరివారంలోని జూలియా బాల్బిల్లా అనే కవయిత్రి ఏకంగా పద్యాలే చెక్కించింది. తర్వాత ఎవరో పుణ్యాత్ములు మరమ్మతు చేయించారు, విగ్రహం నోరు మూసింది. కనుక యాత్రావాక్యం కొత్త జబ్బు కాదు. అయితే ఆ పాతవాళ్లు రాయి మాట్లాడితేనే మాట్లాడిందన్నారు.

బార్సూర్ రాయిది ఇంకో రకం అన్యాయం. అది మౌనంగా మాట్లాడలేదు. మన భాషలో, ఎవరు కట్టారో, ఎవరి కాలమో, సంవత్సరంతో సహా చెప్పింది. వినడానికి తెలుగువాళ్లు రైళ్లకు రైళ్లు వస్తున్నారు, చెప్పేవాడు లేడు. ఇలాంటి చోట్ల నిలబెట్టే నీలం బోర్డుల నిండా 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా ఉంటాయి. గోడ మీద గీకితే ఏమవుతుందో చదువుకోవచ్చు. గోడ ఎవరు కట్టారో మాత్రం ఊహించుకోవాలి. ఒక పలక, దాని మీద నాలుగు వరసలు, హిందీలో, హల్బీలో, గోండీలో, తెలుగులో. పెట్టడానికి ఎన్ని బస్తాల సిమెంటు కావాలి?

“మనల్ని మనం తెలుసుకునే” — వాక్యకర్త తన్ను తాను తెలుసుకున్నట్టు ఆధారం లేదు. ఓరుగల్లు 1323లో పడ్డాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటొచ్చి బస్తర్ రాజ్యం నిలబెట్టాడని ఆ రాజవంశపు ఐతిహ్యం. వెనక్కి తిరిగి చూడకుండా నడువు, నీ వెంటే వస్తానని దంతేశ్వరి అమ్మవారు అందట. శంఖిని–డంకిని సంగమం దగ్గర ఇసుకలో కూరుకుని అందెల చప్పుడు ఆగిపోతే ఆయన తిరిగి చూశాడు, అమ్మవారు అక్కడే ఆగిపోయింది. వాక్యకర్తా దంతేవాడలో ఆ అమ్మవారి గుళ్లోనే నిలబడ్డాడు. ఆయన వెనక్కి తిరిగింది సెల్ఫీకి.

“భోజనం మాత్రం అంతంతమాత్రం” — సుగమము. ఇడ్లీ దొరకలేదని భావము.

“జీవితంలో ఒక్కసారైనా తప్పక చూడండి” — చూడటానికి ఇది విధివాక్యంలా కనబడుతుంది. మీమాంసకులు ఒప్పుకోరు. విధి అయితే ఎలా పోవాలో, ఎప్పుడు పోవాలో, ఏమేమి చూడాలో చెప్పాలి. ఇక్కడ అవేమీ లేవు గనుక ఇది వట్టి అర్థవాదం, అనగా స్తుతి. స్తుతి ఎవరికి? బస్తర్‌కు కాదు.

‘చూడండి’కి కర్మ ఏదో కూడా తేలలేదు. బస్తర్ వారం సంతలో నేను చూసింది చెబుతాను. చింతపండు కుప్పలు, ఇప్పపువ్వు, ఆకు దొన్నెల్లో ఎర్రచీమల పచ్చడి, కుండల్లో జీలుగు కల్లు, దాన్ని అక్కడ సల్ఫీ అంటారు. బండి దిగినవాళ్లు ధర అడగరు, పేరు అడగరు, ఏమీ కొనరు. కూర్చున్న ముసలావిడ ముఖానికి జానెడు దూరంలో ఫోన్ పెట్టి, నవ్వమని చేత్తో సైగ చేస్తారు. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంటే ‘అబ్బ, ఎంత సహజంగా ఉందో’ అని అదీ తీసుకుంటారు. ఆవిడే మన ఊరొచ్చి, మన వాకిట్లో ముగ్గేస్తున్న అమ్మ ముఖం మీద అలా ఫోన్ పెడితే ఎవరికి ఫోన్ చేస్తామో వేరే చెప్పాలా?

తాత్పర్యం. మేము వెళ్లొచ్చాం. మీరింకా వెళ్లలేదు.