ఏడున్నరకి థింసా, ఎనిమిదింటికి బొంగులో చికెన్

అరకు వెళ్లి గిరిజనుల థింసా నాట్యం చూడకుండా తిరిగొస్తే ప్యాకేజీ డబ్బులు దండగ. ఆ నష్టం మనకి రాకూడదనే బొర్రా గుహలు, కాఫీ తోటలు, గిరిజన మ్యూజియం అయ్యాక సాయంత్రం క్యాంప్‌ఫైర్ పక్కన గిరిజనుల్నే ఏర్పాటు చేశారు. మ్యూజియంలో బొమ్మలు కదలవు, ఇక్కడ కదులుతాయి. వ్యత్యాసం అంతే.

విశాఖ నుంచి వచ్చే రైలు దారిలో వరసగా సొరంగాలు. ప్రతి సొరంగంలోనూ గొంతు చించుకుని అరిచిన మహాజనమే మొన్న ఒక రిసార్టులో నా ముందు వరుస కుర్చీల్లో కూర్చుంది. గొంతులకి విరామమిచ్చి ఫోన్లు పైకెత్తింది. మైకు పట్టుకున్న కుర్రాడు వివరణ ఇచ్చాడు: ‘‘గిరిజనులకి సంతోషం వస్తే ఈ డాన్స్ వేస్తారండీ. ఇవాళ మీరొచ్చారు కదా, అందుకే చాలా సంతోషంగా ఉన్నారు!’’

సంతోషంగా ఉన్నవాళ్లు అప్పటికి గంట నుంచీ వంటశాల వెనక గట్టు మీద కూర్చుని ఉన్నారు.

వాళ్లు మొదలుపెట్టాక మాత్రం కాసేపు నోరు మూతపడింది, నాదీ. ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకున్న ఆడవాళ్ల వరుస. కుడి చివరనున్న పెద్దావిడ నెమలీకల కట్ట ఊపితే అందరి అడుగూ ఒక్కసారే పడుతోంది. తుడుము, డప్పు, కిరిడి ఒక పక్క. ఇంకో పక్క మోరి ఊదే ముసలాయన బుగ్గలు పొంగి, కళ్లు మూతలుపడి, ఈ లోకంలో లేడు. లోకంలో ఉన్నది మేనేజరు. వాచీ మీద వేలితో కొట్టి చూపిస్తూ, ‘‘కానీ తాతా, చికెన్ దించేస్తున్నారు’’ అన్నాడు.

థింసాలో చాలా రకాలున్నాయి. ఊరి దేవత కోసం ఆడేది బోడో థింసా. పులి మీద పడడాన్ని చూపించేది బాగ్ థింసా. ఆకులు ఏరుకోవడాన్ని ఆడి చూపేది ఒకటి, పూనకం వచ్చినప్పటిది మరొకటి. పెళ్లయినా పండగైనా ఊళ్లో ఆడగలిగినవాళ్లంతా ఆ వరుసలో ఉంటారు, కుర్చీ వేసుకుని చూసేవాడికి అక్కడ చోటుండదు. మన నాగరికత దానికి కొత్త రకం చేర్చింది: బొంగు థింసా. బొంగులో చికెన్ ఉడికేంతసేపే నిడివి. ఉడికితే దేవతైనా పులైనా దిగిపోవాల్సిందే.

దిగేలోపల మన వంతు కూడా ఉండాలి కదా. నిక్కరు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన పెనవేసిన చేతుల్ని విడదీసి మధ్యలో దూరాడు. ‘‘ఏయ్ అమ్మా, ఇటు చూడు, నవ్వు!’’ అని ఆయన భార్య ఆజ్ఞ. ‘‘అలాగేనండి మేడమ్’’ అని ఆవిడ తల్లి వయసున్న మనిషి జవాబు. అడుగు తప్పింది ఆయనది. రీల్ చూసుకుని, ‘‘వీళ్లకి సింక్ లేదు’’ అని తేల్చాడు. వెంటనే డీజే సినిమా పాట అందుకుంది. అప్పుడందరికీ సింక్ కుదిరింది.

ఇదే పెద్దమనిషి చైత్రంలో వస్తే చూడాలి. ఇటుకల పండగ రోజుల్లో మగవాళ్లు వేటకి వెళితే, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, ఆడిపాడి, వచ్చే బండిని పదో పరకో అడుగుతారు. అప్పుడు కారు అద్దం దించకుండానే ‘దారిదోపిడీ’ అంటాడు. రిసార్టుకి వేలు కడితే సంస్కృతి, ఆడేవాళ్ల చేతిలో నేరుగా పది పెడితే దోపిడీ.

దోపిడీ అంటే గుర్తొచ్చింది, ఇక్కడి నేల గిరిజనేతరుడి చేతికి పోకూడదని 1970లో చట్టం బిగించారు. దాన్నే మనవాళ్లు వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. బొర్రా చుట్టుపక్కల మైనింగ్ లీజుల గురించి పుట్టిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇంకా గట్టిగా చెప్పింది. కాబట్టి కొండ మీద కట్టడాలన్నీ గిరిజనులవే అయ్యుండాలి. కాగితాల ప్రకారం యజమాని అయినవాడు అదే గేటు దగ్గర మీ కారుకి సెల్యూట్ కొడుతూ కనిపిస్తే అది ఆయన వినయం అనుకోండి.

ప్యాకేజీలో ఒక్క లోటు మాత్రం ఉంది. ఈ మన్యంలో రోడ్డు లేని పల్లెల నుంచి నిండు గర్భిణుల్ని కర్రకి కట్టిన డోలీలో కొండ దింపుకొస్తారు. అసలు సిసలు సంప్రదాయం, పైగా మోసేవాళ్లకి బోలెడంత అనుభవం. వచ్చే సీజన్‌కి టెంట్ నుంచి భోజనాల హాలు దాకా డోలీ సవారీ పెడితే బాగుంటుంది. ఎనభై కిలోలు దాటినవారికి అదనపు ఛార్జీ. ఫొటో ఉచితం.