కుట్టినవాడే మానేదాకా వచ్చేవాడు

దసరా సెలవులకి వచ్చిన మా మనవరాలు వసారాలో నా ఎదురుగా చతికిలబడి, "తాతయ్యా, నీకొకటి చూపిస్తాను, తిట్టకూడదు మరి" అంటూ పై పెదవిని రెండు వేళ్లతో పైకెత్తింది. ముందు పళ్లకి పైన, చిగురునీ పెదవినీ కలుపుతూ సన్నటి తాడులా ఒక పొర ఉంటుంది చూడండి, దానికి గుచ్చి చిన్న రింగు వేలాడుతోంది. బాగా నవ్వితేనే బయటికి కనపడుతుందట. అందుకే దాన్ని స్మైలీ అంటారట. హైదరాబాదులో కుట్టించుకుని అప్పటికి తొమ్మిది రోజులు.

నేను తిట్టలేదు. చెవులూ ముక్కులూ కుట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఒంటికి రంధ్రం పెట్టుకుందని ఎవరినెందుకు తిడతాను? "కుట్టినవాళ్లు మళ్లీ ఎప్పుడు చూస్తామన్నారు?" అని మాత్రం అడిగాను. "మళ్లీ చూడ్డమేంటి తాతయ్యా, జాగ్రత్తలన్నీ రాసి కాగితం ఇచ్చారుగా" అంది. అప్పుడొచ్చింది నాకు కోపం.

మాది కోనసీమ. నాన్నగారిది కంసాలి పని. చుట్టుపక్కల ఆరేడు ఊళ్లలో పిల్లల చెవులు కుట్టాలంటే ఆయనకే కబురొచ్చేది. ముందురోజు రాత్రి బంగారాన్ని కమ్మచ్చులో లాగి సన్నటి తీగ తీసి, ఒక కొసని ఆకురాయితో సూదిలా నూరేవారు. మర్నాడు పిల్లని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి నోట్లో బెల్లంముక్క పెట్టేవారు. నాన్నగారు చెవి తమ్మెను ఎండకి అడ్డంగా పట్టుకుని, నరం ఎక్కడుందో చూసుకుని, కాటుకతో చుక్క పెట్టేవారు. ఒక్క పోటు. పిల్ల ఏడుపు అందుకునేలోపే తీగ అవతలికొచ్చి, పటకారు కింద పోగులా మెలిపడేది. కొబ్బరికాయ, బియ్యం, తాంబూలం పళ్లెంలో పెట్టి ఇచ్చేవారు.

ఆయన పనిలో ఇదంతా పావు వంతు. మూడోనాడు మళ్లీ వెళ్లేవారు. గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ తడిపి, చెవికి అంటిన పక్కు నానేదాకా అద్ది, కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసేవారు. ఆరోనాడు మళ్లీ. ఒకసారి పదేళ్ల పిల్లకి ముక్కు కుట్టాక వాచి, పక్కన ఎర్రటి బుడిపె లేచింది. వాళ్లు తెచ్చి ఇచ్చిన తీగలో రాగి పాలు ఎక్కువ, ఒంటికి పడలేదు. నాన్నగారు దాన్ని తీసేసి, రంధ్రం పూడిపోకుండా సన్నటి వేపపుల్ల గుచ్చారు. తర్వాత ఇరవై రెండు రోజులు, కుంపటి వెలిగించకముందే సైకిలు మీద ఆ ఇంటికెళ్లి చూసి వచ్చేవారు. అందుకు పైసా పుచ్చుకోలేదు. ఇవ్వాలని వాళ్లకీ తోచలేదు. కుట్టినవాడు మానేదాకా రావడం పద్ధతి, అంతే.

నోరు కుట్టుకోవడం కొత్తేమీ కాదు మాకు. వీరభద్రుడి సంబరాల్లో నాలుక్కి నారసం గుచ్చుకున్నవాళ్లని చిన్నప్పుడు రెండు బారల దూరంలో నిలబడి చూశాను. డప్పులు, శరభ కేకలు, ఒళ్లంతా విభూతి. ఊరేగింపయ్యాక నారసం తీసి ఆ చోట విభూతి అద్దేవారు. మర్నాడు ఆ మనిషే మా వీధి అరుగు మీద కూర్చుని మాట్లాడుతుంటే నాకు ఆశ్చర్యమేసేది. దేవుడి మహిమ అన్నారు, ఇప్పటికీ కాదనను. దాంతోపాటు నోటికి మరో వరం ఉంది. అక్కడ రక్తం పుష్కలంగా పారుతుంది, లాలాజలంలోనూ గాయాన్ని మాన్పే పదార్థాలున్నాయి. చెవి తమ్మె మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడితే, ముక్కుకి నెలల తరబడి పడుతుంది. మా మనవరాలు కుట్టించుకున్న పొర నాలుగు నుంచి పన్నెండు వారాల్లో మానుతుందంటారు.

కానీ నారసం ఆ పూటే తీసేస్తారు. రింగు రాత్రింబగళ్లూ ఉంటుంది. ప, బ, మ అన్నప్పుడల్లా పెదవి కదులుతుంది, దాంతో పొర సాగుతుంది. తమ్మెలో ఉన్న కండ అక్కడ లేదు. లాగుడు పడేకొద్దీ రంధ్రం అంచుకి జరిగి, చివరికి పొర తెగి రింగు దానంతటదే ఊడొచ్చేయడం ఈ స్మైలీకి మామూలేనట. అంతకన్నా నన్ను బాధపెట్టింది చిగురు సంగతి. లోహం రాసుకుని రాసుకుని చిగురు పైకి జరిగితే, ఆ జరిగింది మళ్లీ దానంతటది కిందికి రాదు. పంటి మీది పింగాణీ అరిగినా అంతే. అమెరికాలో దంతవైద్యుల సంఘమే నోట్లో ఇలాంటివి వద్దని చెబుతోంది. కుట్టకముందు ఈ మాట ఎవరైనా చెప్పారా అని అడిగాను. ఏ రంగు రింగు కావాలని అడిగారట.

ఇప్పటి పద్ధతుల్లో మేలు లేదనను. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడరు. చేతికి తొడుగులుంటాయి. టైటానియం ఒంటికి పడినట్టు మా తీగలు అందరికీ పడేవి కావు. మా రోజుల్లో బంగారం పెట్టుకోలేని ఇళ్లలో ఒకే సూదిని దీపం మీద కాల్చి నలుగురైదుగురు పిల్లలకి కుట్టేవారు. రక్తం ద్వారా కామెర్ల జబ్బు అంటుతుందని అప్పుడెవరికి తెలుసు? పోగుని రోజూ తిప్పాలని నాన్నగారు చెప్పేవారు. తిప్పితే లోపల మానుతున్న పొర మళ్లీ చిరుగుతుందని ఇప్పుడంటున్నారు, ఈ మాటే సరైనది. అయినా నా కోపం తగ్గలేదు. ఇంత తెలిసినవాళ్లు పదోనాడు ఒక్కసారి పిలిచి చూడలేరా? ఆ కాగితానికి కళ్లున్నాయా, దీని పెదవి ఎత్తి చూడడానికి?

ఆరు రోజులు నేనే చూశాను. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో పావు చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ పుక్కిలించమన్నాను. ఆవకాయ, వేడి కాఫీ మాన్పించాను. కొత్తగా మెత్తటి బ్రష్షు తెప్పించాను. రాత్రిపూట కిటికీ పక్కన కూర్చోబెట్టి టార్చి వేస్తే, రింగు చుట్టూ తెల్లటి జిగురు కనపడేది. చీమేమోనని పిల్ల హడలిపోయింది. చీము కాదు, మానే గాయంలోంచి వచ్చే ఊటే. పచ్చగా మారి వాసనొచ్చినా, జ్వరం తగిలినా, వాపు బుగ్గకి పాకినా తెల్లారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి పరిగెత్తాలని, భయపడి రింగు సొంతంగా పీకేసుకోవద్దని చెప్పాను. పైన పూడిపోతే చీము లోపల చిక్కుకుపోతుంది.

వెళ్లిన మూడు వారాలకి పొర సన్నబడుతోందని ఫోను చేసింది. దుకాణంవాళ్లనడిగితే వేరే సైజు రింగు కొనుక్కోమన్నారట. కనీసం వచ్చి చూపించమని కూడా అనలేదు.

సంక్రాంతికి వచ్చేసరికి రింగు లేదు. తెగకముందే పళ్ల డాక్టరు దగ్గర తీయించుకుంది. పెదవి ఎత్తి చూస్తే రంధ్రం ఉన్నచోట తెల్లటి నూక గింజంత గుర్తు మిగిలింది. ఎడమ పంటి మీద చిగురు వెంట్రుకవాసి పైకి జరిగింది. భోగినాడు నా పక్కన కూర్చుని, "ముక్కు కుట్టించుకుంటాను తాతయ్యా, నువ్వు కుడతావా?" అంది. నా చెయ్యి వణుకుతుందమ్మా, హైదరాబాదులోనే శుభ్రమైన చోట కుట్టించుకో అన్నాను. మూడోనాడు మాత్రం నేను బస్సెక్కి వస్తాను. ఆరోనాటిదాకా మీ ఇంట్లోనే ఉంటాను.