ఆగ్నేయం ఒకటి, పొయ్యిలు రెండు

మొత్తానికి మన బెజవాడక్కూడా వచ్చేసింది. బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు పట్టుకుంటే పోరంకి దాకా ఏ హోర్డింగు చూసినా అదే బొమ్మ. గోడల్లేని వంటిల్లు, మధ్యలో తెల్లటి గట్టు, గట్టు మీద గాజు గిన్నెలో నాలుగు నిమ్మకాయలు, పక్కన చేతిలో గ్లాసు పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి. ఆ అమ్మాయి వేళ్లకి పసుపంటలేదు, నుదుటికి చెమట పట్టలేదు. పట్టదు మరి, పొయ్యి మీద గిన్నె ఉంటే కదా. వంట మానేస్తే వంటిల్లు ఇంత కళకళ్లాడుతుందని తెలిస్తే మా అమ్మమ్మ ఎప్పుడో మానేసి ఉండేది.

ఓపెన్ కిచెన్ అమ్మే కుర్రాళ్లందరూ ఒకే పాఠం అప్పజెబుతారు. "మేడమ్ వంట చేసుకుంటూ ఒంటరిగా ఫీలవ్వకూడదు సార్. హాల్లో మీరు టీవీ చూస్తూ ఉంటారు, ఆవిడ అక్కణ్నుంచే మీతో కబుర్లు చెబుతూ ఉంటారు." ఎంత దయ! ఆయన టీవీ దగ్గర, ఆవిడ పొయ్యి దగ్గర. ఆ అమరిక మాత్రం అంగుళం కదలలేదు, మధ్యలో గోడ మాత్రం పోయింది. పోయిన గోడకి చదరపు అడుగు లెక్కన మనమే డబ్బు కట్టాలి.

సరే, గోడ పోయింది. రాత్రి మెత్తళ్లు వేయించారనుకోండి. ఆ వాసన సోఫాలోకి ఇంకి, కర్టెన్లకి పట్టి, మర్నాడు పెళ్లిచూపులకొచ్చిన వాళ్లకి ఇంటి వంశవృక్షం కన్నా ముందే పరిచయమవుతుంది. ఉలవచారు మరగాలంటే గంటలు పడుతుంది. ఎండుమిరపకాయ తాలింపులో పడిందంటే వీధి చివర మనిషి తుమ్ముతాడు. ఇదంతా బిల్డరుకి తెలియదా? తెలుసు. అందుకే విరుగుడు కూడా ఆయనే కనిపెట్టాడు: ఓపెన్ కిచెన్ వెనక ఇంకో కిచెన్. ముందుది చుట్టాలకి చూపించడానికి, వెనకది వండుకోవడానికి. వెనకదానికి డర్టీ కిచెన్ అని పేరు. బ్రోషర్‌లో ఆ మాట వాడరు, యుటిలిటీ అంటారు.

ఇక్కడ వాస్తు పండితులకి ధర్మసంకటం వచ్చిపడింది. ఆగ్నేయం ఒకటే, పొయ్యిలేమో రెండు. అగ్నిదేవుడు ఏ పొయ్యి దగ్గర కూర్చోవాలి? మన వాళ్లు తీర్పిచ్చేశారు లెండి. ఆగ్నేయం చూపుల వంటింటికే. అన్నం ఉడికే పొయ్యి ఏ మూలన ఉన్నా దోషం లేదట. ఇన్నాళ్లూ ఆ మూల కోసం ఉన్న గోడలు పడగొట్టించి, మెట్లు తిప్పించి, దక్షిణలు పుచ్చుకున్నవాళ్లే ఈ మాట అంటున్నారు.

మొన్న శ్రావణంలో మా బంధువుల గృహప్రవేశానికి వెళ్లాను. పాలు పొంగించే వేళయింది. పంతులుగారు ఇత్తడి గిన్నె పెట్టారు. అది ఇండక్షన్ పొయ్యి, ఇత్తడిని ఒప్పుకోదు. ఎంత నొక్కినా వెలగదు. ఇద్దరు పరుగెత్తి ఎక్కడినుంచో అయస్కాంతం అంటుకునే స్టీలు గిన్నె పట్టుకొచ్చారు. పాలు కాగాయి, పొంగాయి, పొంగి ఆ గాజుపలక మీద మీటలున్న చోటికి పారాయి. పొయ్యి కుయ్యోమని అరిచి ఆరిపోయింది. ఇంటాయన నమస్కారం పెట్టాల్సింది పోయి టిష్యూ కాగితాలు పట్టుకుని గట్టు మీదకి ఉరికాడు, తెల్లరాయికి మరకవుతుందని. పంతులుగారు కాసేపు ఆగి, "పొంగినట్టేనా నాయనా?" అని అడిగి, ఎందుకైనా మంచిదని శుభం పలికేశారు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత కాఫీలొచ్చాయి. ఆ పొయ్యి ఆరిపోయింది కదా, కాఫీ ఎక్కణ్నుంచి వచ్చిందని చూస్తే గోడలో కలిసిపోయిన తలుపొకటి కనపడింది. పిడి కూడా లేదు, నొక్కితే తెరుచుకుంటుంది. లోపల మనిషి అడ్డంగా తిరిగితే మోచెయ్యి తగిలే గది. రెండు బర్నర్ల గ్యాసు పొయ్యి, సిలిండరు, అంట్ల సింకు, వాషింగు మిషను. కిటికీ లేదు. గోడకి పైన జానెడు ఎగ్జాస్టు ఫ్యాను, అది షాఫ్టులోకి తిరుగుతోంది. పొయ్యి ముందు ఇంటాయన వాళ్లమ్మగారు, డెబ్బైకి దగ్గర్లో ఉంటుంది ఆవిడ వయసు. కొత్త పట్టుచీర వీపున తడిసి అంటుకుపోయింది. "లోపలికి రామాకయ్యా, ఉడికిపోతావు," అంది.

ఇక నాకు నవ్వు రాలేదు. ఇప్పుడూ రావడం లేదు.

బయట పాలు పొంగితే ఆరిపోయే పొయ్యి మీద గంటకి 1200 ఘనపు మీటర్ల గాలి లాగే చిమ్నీ. లోపల నిజంగా నూనె కాగే చోట జానెడు ఫ్యాను. వండని చోట పొగ గొట్టం పెట్టి, వండే చోట మనిషిని పెట్టారు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి చూడండి. వంటగది వైశాల్యం కనీసం 5 చదరపు మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు ఉండాలంటుంది. కనీసం ఒక చదరపు మీటరు కిటికీ కావాలంటుంది. అది ఆరుబయటికి తెరుచుకోవాలి, షాఫ్టులోకి పనికిరాదని విడమరిచి మరీ చెబుతుంది. మరి ఈ కొంపలకి అనుమతులెట్టా వస్తున్నాయి? ప్లానులో వంటగది అని రాసేది నిమ్మకాయలున్నదానికి. దానికి బాల్కనీ అంత కిటికీ ఉంటుంది. ఈ కొట్టుకి యుటిలిటీ అని రాస్తే సరి, బట్టలుతుక్కునే చోటుకి వంటింటి కిటికీ అడిగేదెవరు? బట్టలకి ఊపిరాడాల్సిన పనిలేదు కదా.

బ్లేజ్‌వాడ అని పేరు పడ్డ ఊరిది. రోహిణి కార్తెలో ఏసీ హాల్లో కూర్చున్నవాడికే నాలుక పిడచగట్టుకుపోతుంది. ఆ ఎండలో, మూసిన తలుపు వెనక, ఇరవై మందికి గారెలు వేయించేది ఎవరండీ? ఆ ఇంటి అత్తగారు, లేకపోతే నెల జీతానికి కుదిరిన వంటావిడ. ఫ్లాటు కొనేటప్పుడు వీళ్లిద్దరిలో ఎవరినీ సైటు చూడ్డానికి తీసుకెళ్లరు.

పాత వంటిళ్ల మీద నాకేం మోజు లేదు. దివిసీమలో, గుడివాడ పల్లెల్లో కట్టెల పొయ్యి ఊది ఊది కళ్లు పోగొట్టుకున్న ఆడవాళ్లని చూసినవాణ్నే. ఆ పొగ వదిలించడానికే 1999లో దీపం పథకం కింద గ్యాసు కనెక్షన్లిచ్చారు. 2024 నవంబరు నుంచి దీపం-2 పేరుతో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. పేదింటి ఆడమనిషిని పొగలోంచి బయటికి లాగడానికి సర్కారు ఖజానా ఖర్చవుతుంటే, డబ్బున్నవాడు లక్షలు పోసి సొంత తల్లిని పొగలోకి తోస్తున్నాడు. దీన్నేమంటారు? లగ్జరీ అంటారు.

ఇది యూరప్ డిజైను సార్ అని ఒకటి. యూరప్‌లోనే 1926లో మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ అనే ఆవిడ ఫ్రాంక్‌ఫర్ట్‌లో పనివాళ్ల ఇళ్లకి వంటిల్లు గీసింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. ఇల్లాలు పొయ్యికీ సింకుకీ మధ్య ఎన్ని అడుగులు వేస్తోందో లెక్క చూసి, అవి తగ్గేలా అమర్చింది. కూరలు తరిగే బల్లని తీసుకెళ్లి సరిగ్గా కిటికీ కింద పెట్టింది. అలాంటివి దాదాపు 10,000 కట్టారు. తనకి వంట రాదని ఆవిడే చెప్పుకుంది. వంట రాని మనిషికి తట్టిన కిటికీ, మూడు పూటలా పప్పూ పచ్చడీ తినే మన ఆర్కిటెక్టులకి తట్టలేదు.

మిగతా వేషాలకి ఇంత కోపం దండగ. పసుపు పడితే పోని తెల్ల క్వార్ట్జ్ గట్టు ఒకటి. ప్రపంచమంతా మన చీమకుర్తి నల్ల గెలాక్సీ గ్రానైటుని వంటింటి గట్లకి ఎగబడి కొనుక్కుంటుంటే, ఒంగోలు పక్కనే ఉన్న మనం వేడి గిన్నె దించితే మచ్చపడే జిగురురాయి కొంటున్నాం. డ్రాయర్లు పద్దెనిమిది, ఆవకాయ జాడీ పట్టేది ఒక్కటీ లేదు. బాత్రూముకి అద్దం గోడ, ఇల్లంతా చుట్టాలున్న రోజు దానికి దుప్పటి తెర. పెద్దవాళ్లు జారిపడే నున్నటి టైల్సు, పట్టుకుందామంటే కమ్మీ ఉండదు, అందానికి అడ్డమట. రెయిన్ షవరు మరీ ముచ్చటగా ఉంటుంది. బోరు నీళ్ల ఉప్పుకి ఆరు నెలల్లో దాని చిల్లులు సగం మూసుకుపోతాయి, నల్లటి కుళాయిలకి తెల్లటి బూజు పట్టినట్టుంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లు మునిగితే, చుట్టూ నీళ్లుండి తాగేందుకు చుక్క లేక జనం నీళ్లు తెచ్చే డ్రోన్ల కోసం ఆకాశం వంక చూశారు. అదే ఊళ్లో ఇప్పుడు నాలుగో అంతస్తులో తొట్టి స్నానం అమ్ముతున్నారు.

బుక్ చేసుకుంటారా, చేసుకోండి. కానీ అడ్వాన్సు చెక్కు రాసే ముందు ఒక పని చెయ్యండి. వెళ్లేటప్పుడు చిన్న స్టవ్వు, మూకుడు, పావుకిలో గుంటూరు ఎండుమిరపకాయలు పట్టుకెళ్లండి. ఆ సేల్స్ కుర్రాణ్ని యుటిలిటీలోకి పంపి, మిరపకాయలు దోరగా వేయించమని, తలుపు దగ్గరికి వెయ్యండి. వాడు బయటికొచ్చి, దగ్గు తగ్గాక, చదరపు అడుగు ఎంతో అప్పుడడగండి.