వాచీతో సరిపోయిన టైము

సికింద్రాబాద్‌లో ఒక బ్లడ్ బ్యాంకు. వానాకాలం, డెంగ్యూ జోరు మీదుంది. ప్లేట్‌లెట్ సంచులను ఓ యంత్రం రాత్రింబవళ్లు మెల్లగా ఊపుతూనే ఉంటుంది. 20 నుంచి 24 డిగ్రీల మధ్య, అలా ఊపుతూ కాపాడినా వాటి ఆయుష్షు 5 రోజులే. అందుకే మేనేజరు గారు పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే ముందు స్టాకు డ్యాష్‌బోర్డు తెరుస్తారు.

దాని మూలన ‘చివరి రిఫ్రెష్: 03:40’ అని ఉండేది.

"తెల్లవారుజాము లెక్క నేనేం చేసుకోనమ్మా?" అని ఐటీ అమ్మాయికి ఫోన్ చేశారు.

"అది యూటీసీ, గ్రీన్విచ్ టైము సార్. ఐదున్నర గంటలు కలుపుకోండి. 9:10కి వచ్చిన డేటానే."

"నైట్ డ్యూటీవాడు నిద్రకళ్లతో కూడికలు చేస్తాడా? మన టైము వెయ్యమ్మా."

ఆయన అడిగింది న్యాయం. ఈ ఊళ్లో క్లాక్ టవర్ 1897లో మొదలైంది. భారత ప్రామాణిక కాలం, ఐఎస్‌టీ, వచ్చింది 1906లో. అప్పటిదాకా దేశంలో రైళ్లు మద్రాసు టైముతో నడిచేవి. ఐఎస్‌టీ వచ్చి నూరేళ్లు దాటాక, రోగి ప్రాణంతో ముడిపడ్డ తెర మీద ఇంకా గ్రీన్విచ్ లెక్కేమిటి? చూసేవాళ్ల టైములో చూపించి తీరాల్సిందే.

ఆ మధ్యాహ్నమే ఐటీ అమ్మాయి ఆ డ్యాష్‌బోర్డు తయారుచేసిన పవర్ బీఐ తెరిచింది. ‘నౌ’ ఫార్ములాకు ఐదున్నర గంటలు కలిపి ఓ మెజర్ (లెక్కకట్టే సూత్రం) రాసి, పాత టైము తీసేసి ఆ మూలన పెట్టింది. ఫిర్యాదులు ఆగిపోయాయి.

నెల తర్వాత, ఓ శనివారం సాయంత్రం నాలుగింటికి మేనేజరు గారే ఫోన్ చేశారు.

"చాలా బాగా చేశావమ్మా. ఎప్పుడు తెరిచినా బోర్డు టైముకూ నా వాచీకీ నిమిషం తేడా లేదు. ఇప్పుడే బొల్లారం వైపు ఓ ఆసుపత్రి నుంచి అడిగారు, డెంగ్యూ కేసు, చిన్నపిల్ల. ప్లేట్‌లెట్లు పద్నాలుగు సంచులున్నాయి, వచ్చి తీసుకెళ్లండి అన్నాను. బయల్దేరారు."

ఆమె గుండె గుభేలుమంది. ఆ బోర్డుకు రిఫ్రెష్ రోజుకు రెండుసార్లే, ఉదయం 9:10కి, సాయంత్రం 6:10కి. నాలుగింటప్పుడు అది వాచీతో ఎలా సరిపోతుంది? మెజర్‌లో ‘నౌ’ రాస్తే పడేది పేజీ తెరిచిన టైము. డేటా ఎప్పుడొచ్చిందో దానికి తెలియదు.

రిఫ్రెష్ హిస్టరీ తెరిచింది. పైనున్నవన్నీ ఫెయిల్. చివరిసారి డేటా వచ్చింది గత ఆదివారం.